ముత్యాల పట్టెడలు: తూకంలో పోతున్న పాత సరుకు

మేలిమి బంగారం, ఆభరణాల బంగారం, కిలో వెండి: ఈ మూడు ధారణలు వాణిజ్య పేజీలో రోజూ వేస్తాం. ముత్యాల ధర వేయం. బజారులో అందరూ ఒప్పుకొనే ధారణ ముత్యానికి లేదు. కాని నూరేళ్ళ క్రితం లండన్, పారిస్, బొంబాయి వర్తకులు బంగారం కన్న ముత్యాన్నే ఎక్కువగా కనిపెట్టి ఉండేవారు. ఆ రోజులనాటి ముత్యాల పట్టెడలు విదేశాలలో వేలానికి వస్తుంటే, మన వైపు పాత ఇళ్ళలోవి బంగారం దుకాణానికి వస్తున్నవి. దుకాణానికి వచ్చినవాటిలో చాలా భాగం తూకంలోనే పోతున్నవి.

పట్టెడ అంటే హారంలా రొమ్ము మీదికి జారక మెడను పట్టి ఉండే నగ. ఇప్పటి పెళ్ళిళ్ళలో దీన్నే చోకర్ అంటున్నారు. ఇంగ్లండులో దీనికి మోటు పేరు డాగ్ కాలర్, అంటే కుక్క మెడపట్టీ. పేరు ఎలా ఉన్నా దాన్ని రాచనగ చేసింది అలెగ్జాండ్రా. డెన్మార్క్ రాజకుమారి అయిన ఈమె 1863లో వేల్స్ యువరాజును పెళ్ళాడింది, 1901లో రాణి అయింది. చిన్ననాటి మచ్చ ఒకటి మెడ మీద ఉందని, దాన్ని కప్పుకోవటానికే పగలు ఎత్తు కాలరు, రాత్రి ముత్యాల పట్టెడ వేసేదని చెబుతారు. మచ్చ మాట ఎలా ఉన్నా, మచ్చ లేనివారు కూడా అదే కావాలన్నారు. 1880ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా పెద్దింటి ఆడవారి విందు దుస్తులకు మెడ దిగువగా కోసేవారు. జుట్టు ఎత్తుగా ముడిచేవారు. బోసిగా మిగిలిన మెడ నిండా ముత్యాలు.

ఈ నగ కట్టుబడి తెలిస్తేనే ధర తెలుస్తుంది. ముత్యాలను ఏడు, తొమ్మిది, పదకొండు వరుసలుగా గుచ్చి, వరుసలు జారకుండా మధ్య మధ్య వజ్రాలు పొదిగిన నిలువు పట్టీలు వేసేవారు. దక్షిణాఫ్రికాలో కింబర్లీ గనులు 1870లలో మొదలైన తరువాత వజ్రాలకు కొదువ లేదు. సన్నని పట్టీకి వెండి చాలినంత గట్టిది కాదు, నల్లబడుతుంది కూడా. 1900 నాటికి పారిస్ పనివారు ప్లాటినం కరిగించి వాడటం మరిగారు. దానితో పట్టీలు లేసు అల్లికలా వచ్చినవి. అందంగా ఉన్నా అవి సుఖమైన నగలు కావు. అమెరికా కోటీశ్వరుల ఇంటి నుంచి మార్ల్‌బరో డ్యూకు ఇంటికి కోడలుగా వెళ్ళిన కాన్సుయేలో వాండర్‌బిల్ట్ తనకు పంతొమ్మిది వరుసల పట్టెడ ఉండేదని, దాని వజ్రాల పట్టీలు మెడ గీరుకొనేవని తన జ్ఞాపకాలలో రాసింది.

ఇక లెక్క చూద్దాం. నాలుగు మిల్లీమీటర్ల ముత్యాలయితే పన్నెండు అంగుళాల వరుసకు సుమారు 75 పడతవి. పదకొండు వరుసలకు 800 పైచిలుకు కావాలి. అన్నీ ఒకే రంగు, ఒకే నిగారింపు, ఒకే గుండ్రన. ఆ కాలంలో ముత్యం పండించేది కాదు. మనిషి ఊపిరి బిగపట్టి పర్షియన్ సింధుశాఖలో మునిగి తెచ్చేది. బహ్రెయిన్, కువైట్, ఖతార్ తీరాల సరుకే మనకు బస్రా ముత్యం. అందులో పెద్ద భాగం బొంబాయి చేరి, అక్కడ జల్లెడ పట్టి, జతలు కుదిర్చి, బెజ్జం వేసి పారిస్ పంపేవారు. కనుక లండన్ దొరసాని మెడలోని పట్టెడకు బొంబాయి వర్తకుడి చెయ్యి తగలకపోవటం అరుదు. ఫ్యాషను కూడా ఈ దారినే వెళ్ళింది. వైస్రాయి భార్య మేరీ కర్జన్ పంపిన మూడు భారతీయ దుస్తుల మీదికి అలెగ్జాండ్రా 1901లో కార్టియే వారి చేత మన తీరు కంఠహారం చేయించుకొన్నది.

ముత్యం ధర కట్టే తీరు బంగారానికి అలవాటుపడిన మనకు వింతగా ఉంటుంది. తూకం గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ 50 మిల్లీగ్రాములు, అంటే క్యారట్‌లో నాలుగోవంతు. ఎన్ని గ్రెయిన్లు ఉంటే ఆ సంఖ్యను దానితోనే హెచ్చవేసి, తరువాత మూల ధరతో హెచ్చవేయాలి. మూల ధర పది రూపాయలనుకొంటే ఒక గ్రెయిన్ ముత్యం 10 రూపాయలు, రెండు గ్రెయిన్లది 40, నాలుగు గ్రెయిన్లది 160. ఒక్కో గ్రెయిన్ చొప్పున నాలుగు ముత్యాలు కలిపితే తూకం అంతే, వెల మాత్రం 40. బొంబాయి వర్తకుల ‘చవ్’ లెక్కకూ మూలం ఇదే. చిన్న ముత్యాల పట్టెడను విడగొట్టి గింజల లెక్కన అమ్మితే ఎందుకు గిట్టదో దీన్ని బట్టి తెలుస్తుంది. దాని విలువ గింజలో లేదు; జత కుదర్చటంలో ఉంది.

ఈ వ్యాపారాన్ని కూల్చింది జపాన్. మికిమోతో 1893లో అర్ధగోళం ముత్యాలు పండించాడు. 1920ల ఆరంభానికి పూర్తి గుండ్రని జపాన్ ముత్యాలు లండన్, పారిస్ బజార్లకు వచ్చినవి. కంటితో చూచి తేడా చెప్పటం కష్టమయింది. తేడా తెలియని సరుకుకు పాత ధర ఎవరిస్తారు? ఆ పైన 1929 ఆర్థిక మాంద్యం. 1930లో సహజ ముత్యాల బజారు కుప్పకూలింది. పతనం ఎంతటిదో చెప్పటానికి ఒక్క బేరం చాలు. కార్టియే సంస్థ 1917లో న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలోని భవనాన్ని పది లక్షల డాలర్ల విలువ కట్టిన రెండు పేటల ముత్యాల హారం, పైన నూరు డాలర్లు ఇచ్చి కొన్నది. ఆ హారం 1957లో వేలానికి వస్తే సుమారు లక్షన్నర డాలర్లు పలికింది. భవనంలో కార్టియే దుకాణం ఇప్పటికీ నడుస్తున్నది.

పట్టెడ ఫ్యాషను అంతకుముందే పోయింది. యుద్ధ కాలంలో ప్లాటినం ఆయుధ పరిశ్రమలకు మళ్ళింది. తరువాత ఆడవారు జుట్టు కత్తిరించుకొన్నారు, నడుము దాకా వేలాడే పొడుగు పేటలు కావాలన్నారు. పట్టెడలు విప్పి పేటలు గుచ్చారు. వజ్రాల పట్టీలు బ్రూచిలయినవి. చెక్కుచెదరకుండా మిగిలినవి తక్కువ కావటానికి కారణం ఇదే. మిగిలినవాటికి ఇంకో చిక్కు, కొలత. పన్నెండు, పదమూడు అంగుళాల కొక్కెం పట్టెడ ఇప్పటి మెడలకు చాలదు. మన పట్టెడకు వెనుక పట్టుతాడు ఉంటుంది. ఏ మెడకైనా సరిపోతుంది. ఈ ఒక్క విషయంలో మన కంసాలి పారిస్ పనివాడి కన్న తెలివైనవాడని నా అభిప్రాయం.

గత ఇరవై ఏళ్ళుగా బజారు మళ్ళీ తిరిగింది. బరోడా సంస్థానం ముత్యాలతో చేసిన రెండు పేటల హారం 2007 ఏప్రిల్‌లో న్యూయార్క్ క్రిస్టీస్ వేలంలో 70 లక్షల డాలర్లు దాటింది. 2018లో మేరీ ఆంటోనెట్ ముత్యపు పతకం జెనీవాలో 3 కోట్ల 60 లక్షల డాలర్లు పలికింది. ఇవి రాజుల సొమ్ములు, నిజమే. పేరుకు కట్టిన ధర అందులో చాలా ఉంది.

మనకు సంబంధించిన సంగతి హైదరాబాదులో ఉంది. నిజాం నగలు 173ను కేంద్ర ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్నది. అందులో ఏడు పేటల బస్రా ముత్యాల సాత్‌లడా ఉంది. నవాబుల ఇళ్ళలో చింతాకు అంచుల ‘చింతాక్’ ఉండేది. కోస్తా ఇళ్ళలో నాను పట్టెడ, అంచున చిన్న ముత్యాల గుత్తులు వేలాడే గుత్తపూసలు. 1930కి ముందు చేయించిన నగ అయితే అందులోని ముత్యం సహజమైనది కావటానికే అవకాశం ఎక్కువ. ఇప్పుడు పత్తర్‌గట్టీలో అమ్మే ముత్యాలు చాలావరకు పండించినవే, చైనా మంచినీటి సరుకు హెచ్చు. అది తప్పు కాదు, ధర కూడా అందుకు తగినట్టే ఉంటుంది. పాత నగను విప్పి తిరిగి గుచ్చినప్పుడు ఈ రెండూ కలిసిపోతేనే నష్టం.

అమ్మే చోట జరిగేది ఇది. నగను కాటాలో వేస్తారు. లక్క, రాళ్ళు, ముత్యాలు, దారం తూకం తీసివేసి మిగిలిన బంగారానికి తరుగు పట్టి డబ్బు ఇస్తారు. ముత్యం లెక్కలో తీసివేత మాత్రమే. హాల్‌మార్క్ 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి అయినా అది చెప్పేది బంగారం మేలిమిని. ముత్యం గురించి చెప్పదు. కుందన్, జడావ్ నగలకు ఆ నిబంధన నుంచి మినహాయింపు కూడా ఉంది. ముత్యం సంగతి తేల్చగలిగేది ఎక్స్‌రే. పండించిన ముత్యంలో గుల్లపూస విత్తనంగా కనబడుతుంది, లేదా మధ్యలో ఖాళీ గీత. సహజమైనదానిలో ఉల్లిపొరలవంటి పొరలు. ఇంట్లో చూచుకొనే గుర్తు ఒకటి ఉంది, బెజ్జం. తూకానికి అమ్మే సరుకు గనుక పాతకాలపు పనివారు వీలయినంత సన్నగా తొలిచేవారు. బెజ్జం వెడల్పుగా ఉంటే అనుమానించవచ్చు. సన్నగా ఉన్నంత మాత్రాన నమ్మటానికి లేదు. పరీక్ష అయ్యేదాకా నగ విప్పకూడదు. సెంటు, చెమట తుడవటానికి పొడి గుడ్డ చాలు. చింతపండు రసం తగిలితే ముత్యం పై పొర పోతుంది.

మా ఇంట్లో ఈ జాగ్రత్త ఎవరూ తీసుకోలేదు. నాయనమ్మ పట్టెడను మా అత్తయ్య పెళ్ళికి గాజులు చేయించటానికి చెరిపారు. దుకాణదారు బంగారం తీసుకొని ముత్యాలను కాగితం పొట్లం కట్టి తిరిగి ఇచ్చాడు, ఇవి మాకు పనికిరావని. ఆ పొట్లం అమ్మ బీరువాలో ఉంది. మొన్న విప్పి లెక్కపెడితే 212 ఉన్నవి, బెజ్జాలు సన్నవే. ఎక్స్‌రేకు ఇంకా పంపలేదు.