చూపు పోయినా వెలుగు తెలుస్తుంది
అంధుల్లో కొందరి కళ్లు శరీరానికి ఇంకా వేళ చెబుతూనే ఉన్నాయి. ఆ కబురు అందనివారికి నిద్రే పెద్ద సమస్య.

చూపు పూర్తిగా పోయిన కన్ను ఇక ఎందుకూ పనికిరాదని వైద్యులు సైతం చాలాకాలం నమ్మారు. 1995లో అమెరికాలోని బోస్టన్‌లో చార్లెస్ సైస్లర్ బృందం వెలువరించిన ఫలితాలు ఆ నమ్మకాన్ని కుదిపేశాయి.

చీకటి పడ్డాక మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ హార్మోన్‌ను వదులుతుంది. రాత్రయిందని శరీరానికి తెలిసేది దానివల్లే. కంటిమీద గట్టి వెలుతురు పడితే అది తగ్గిపోతుంది. 11 మంది అంధులను ఇలా పరీక్షిస్తే, ముగ్గురిలో మెలటోనిన్ సగటున 69 శాతం పడిపోయింది. చూపున్నవారిలోనూ దాదాపు అంతే, 66 శాతం. ఆ ముగ్గురిలో ఇద్దరికి కళ్లు మూసి మళ్లీ పరీక్షిస్తే తగ్గుదలే లేదు. అంటే కబురు వెళ్తున్నది కంటి నుంచే. ఈ ముగ్గురికీ నిద్ర ఇబ్బంది లేదు. మిగతా 8 మందీ నిద్రలేమితో బాధపడ్డవారే.

కారణం 2002లో ఎలుకలపై పరిశోధనల్లో బయటపడింది. చూపునిచ్చే కణాలు కాక, మెలనాప్సిన్ అనే పదార్థంతో వెలుగును పసిగట్టే కణాలు రెటీనాలో వేరే ఉన్నాయి. హైపోథాలమస్‌లోని జీవ గడియారానికి పగలో రాత్రో చెప్పడం వాటి పని. చూపు కణాలు దెబ్బతిన్నా ఇవి మిగిలి ఉండొచ్చు.

ఇవీ పోతేనే చిక్కు. మనిషి లోపలి గడియారం సగటున 24 గంటలకన్నా కాస్త నిదానం. దాన్ని రోజూ సరిచేసేది వెలుగే. ఆ వెలుగు అందక రోజుకు అరగంట చొప్పున వెనకబడితే, 24 రోజుల్లో రాత్రి హార్మోన్ పట్టపగలు ఊరుతుంది. 48 రోజులకు దారికొచ్చి మళ్లీ తప్పుతుంది. తెల్లవారుజామున పెరగాల్సిన కార్టిసాల్‌దీ ఇదే వరస. ఆఫీసు వేళలు మాత్రం మారవు. పగటిపూట కునుకు తీసే ఉద్యోగి పక్కవారికి బద్ధకస్తుడిలా కనిపిస్తాడు. నిద్రమాత నిద్ర తెప్పించొచ్చు గానీ గడియారాన్ని సరిచేయదు.

చికిత్స లేకపోలేదు. 2000లో ఒరెగాన్ పరిశోధకులు ఏడుగురు అంధులకు రోజూ పడుకోబోయే ముందు 10 మిల్లీగ్రాముల మెలటోనిన్ ఇస్తే ఆరుగురి గడియారం కుదురుకుంది. టాసిమెల్టియాన్ అనే మందును ఈ రుగ్మతకు అమెరికా 2014లో ఆమోదించింది. అయితే వేళతప్పి వేసుకునే మెలటోనిన్ గడియారాన్ని వ్యతిరేక దిశలో నెట్టగలదు. సొంత వైద్యం తగదు.

నొప్పి పెడుతోందనో, అందం కోసమో అంధుల కళ్లు తొలగించేముందు వైద్యులు తప్పక అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: రోజూ వేళకు నిద్ర పడుతోందా? పడుతోందంటే, ఆ కన్ను ఇంకా పనిచేస్తూ ఉండొచ్చు.