సబ్బులు, బిస్కెట్ల కంపెనీల ఇండెక్స్ ఫండ్‌లో రైతు సొమ్ము పెట్టవచ్చా?

మిర్చి, పత్తి అమ్మిన సొమ్ము చేతికి రాగానే "ఎఫ్‌ఎంసీజీ ఫండ్‌లో పెట్టమంటారా?" అని ఈ మధ్య కొందరు రైతులు అడుగుతున్నారు. సబ్బులు, బిస్కెట్లు, టీపొడి వంటి రోజువారీ సరుకులు అమ్మే 15 కంపెనీల సూచీ నిఫ్టీ ఎఫ్‌ఎంసీజీ. ఐటీసీ, హిందుస్థాన్ యూనిలీవర్, నెస్లే వీటిలో పెద్దవి. ఇండెక్స్ ఫండ్ ఆ షేర్లనే అదే నిష్పత్తిలో కొంటుంది. అందుకే నిర్వహణ ఖర్చు తక్కువ.

సబ్బు వాడకం ఎవరూ మానరు కదా, నష్టం రాదనుకోవద్దు. ఈ కంపెనీల సరుకులో చాలా భాగం పల్లెల్లోనే అమ్ముడుపోతుంది. వానలు లేని ఏడాది మనమే పెద్ద సబ్బు మాని చిన్నది కొంటాం. అంటే పంట దెబ్బతిన్న ఏడాదే ఫండ్ కూడా దిగవచ్చు. ప్రకాశం జిల్లా పొగాకు రైతులు మరీ ఆలోచించాలి. సూచీలో పెద్ద వాటా ఐటీసీది. సిగరెట్లపై పన్ను బాగా పెరిగితే ఆకు ధరకూ, ఫండ్‌కూ ఒకేసారి దెబ్బ తగలవచ్చు.

విత్తనాలు, ఎరువులు, కౌలు, పిల్లల ఫీజుల సొమ్ము ఇందులో పెట్టకండి. పంట రుణం మళ్లించడం అసలే వద్దు. ముందు వడ్డీ బాకీలు తీర్చండి. వచ్చే పంట పెట్టుబడి బ్యాంకులో ఉంచుకోండి. ఆ తర్వాత ఐదారేళ్లు అక్కర్లేని సొమ్ము మిగిలితే, పంట అమ్మినప్పుడల్లా కొంత పెట్టవచ్చు. నెలనెలా కట్టే సిప్ మన రాబడికి అంతగా కుదరదు.

పంట ఆదాయానికి పన్ను లేకపోయినా ఈ లాభానికి ఉంది: ఏడాదిలోపు అమ్మితే 20 శాతం, ఏడాది దాటితే 1.25 లక్షల పైబడిన లాభంపై 12.5 శాతం.