ఒక్క పగలు, నాలుగు చోట్లు

మదర్సా విద్యార్థులను వెంటబెట్టుకొని కారేపల్లి నుండి రాత్రి రైలులో హైదరాబాదు చేరాము. సాలార్‌జంగ్ మ్యూజియం, 1591 నాటి చార్మినార్, కుతుబ్‌షాహీ సమాధులు, గోల్కొండ - అన్నీ ఒక్క పగటిలో చూపించాలనుకున్నాను. నా అత్యాశ!

మ్యూజియంలో సంగీత గడియారం ముందు, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్న మేలిముసుగు రెబెక్కా శిల్పం వద్ద జనం కిక్కిరిసి ఉన్నారు. చేతివ్రాత ఖుర్ఆన్ ప్రతుల వద్ద ఎవరూ లేరు. పిల్లలు అక్కడ నిలబడబోతే నేనే తొందరపెట్టి కదిలించాను.

చార్మినార్ ప్రక్కనున్న మక్కా మసీదులో జుహ్ర్ జమాఅత్ అందింది, అల్‌హందులిల్లాహ్. “ప్రయాణికులం కదా, రెండు రకాతులు చాలవా?” అని ఒక బాలుడు అడిగాడు. స్థానిక ఇమాము వెనుక నాలుగూ పూర్తిచేయాలని చెప్పాను.

నమాజు ముగిశాక ఆ బాలుడే, “హజ్రత్, ఆ ఖుర్ఆన్ ప్రతులు మళ్ళీ చూద్దామా?” అన్నాడు.

గోల్కొండను విడిచి, వెనుకకు మరలాము.