పొయ్యి పాతది, ఇల్లు క్రొత్తది

కోరింగ రేవు నుండియు, విశాఖపట్టణపు ప్రాంతముల నుండియు కూలి ఒడంబడిక మీద ఈ మారిషస్ ద్వీపమునకు వచ్చిన మన పెద్దలు తమ వెంట తెచ్చుకొన్న సొత్తు ఎక్కువ కాదు. రామభజన తెచ్చిరి. అమ్మోరి పూజ తెచ్చిరి. సింహాద్రి అప్పన్న దీపము తెచ్చిరి. వాటితోపాటు మూడు రాళ్ల పొయ్యిని గూడ తెచ్చిరి. చెరకుతోట క్యాంపులో గుడిసె దొరకిన పిమ్మట మూల శుభ్రము చేసి, పొయ్యి అలికి, ముగ్గు పెట్టి, అగ్నికి నమస్కరించిన తరువాతనే ఆ ఇంట అన్నము ఉడికెడిది.

నేడు మన ఇండ్లలో గ్యాసు పొయ్యి వచ్చినది. అయినను కట్టెల పొయ్యి పోలేదు. పెరటిలో ఒక రేకుల పంచ క్రింద అది ఇంకను కనబడును. పెండ్లికి ఏడు కూరలు వండవలెనన్నను, అమ్మోరి పండుగకు పెద్ద గుండిగ ఎక్కించవలెనన్నను, చలికాలమున స్నానమునకు నీళ్లు కాచవలెనన్నను దానినే వెదకుచున్నాము. తుపాను వచ్చి కరెంటు పోయి, గ్యాసు సీసా అయిపోయిన నాడు అదియే మన దిక్కు. కావున ఆ పొయ్యిని ఎక్కడ కట్టవలెనో, ఎట్లు వాడవలెనో, ఎట్లు కాపాడుకొనవలెనో అను విషయమును ఈ వ్యాసమున మనవి చేయుచున్నాను.

మొదట ఒక మాట. పాతకాలపు గుడిసె పైకప్పు చెరకు ఆకుతోను, గడ్డితోను వేసినది. పొగ ఆ ఆకుల సందుల నుండి పైకి పోయెడిది. కండ్లు మండెడివి, దగ్గు వచ్చెడిది, కాని గాలి మాత్రము ఆడుచుండెడిది. 1960వ సంవత్సరమున జనవరిలో ఆలిక్స్ తుపాను, ఫిబ్రవరిలో కారోల్ తుపాను వచ్చి వేలకొలది ఇండ్లను నేలమట్టము చేసినవి. అటుపిమ్మట మనవారు సిమెంటు ఇండ్లు కట్టుకొనసాగిరి. సిమెంటు ఇల్లు గాలివానకు తట్టుకొనును, నిజమే. కాని ఆ గోడలలో సందు లేదు. గాలిని లోపలికి రానీయని ఇల్లు పొగను బయటికి పోనీయదు. పొయ్యి పాతది, ఇల్లు క్రొత్తది. ఈ తేడా తెలియకనే ప్రమాదములు జరుగుచున్నవి. మా ఇంట జరిగినది గూడ ఇట్టిదే.

ఒక తుపాను రాత్రి

1975 ఫిబ్రవరి 6వ తేదీన జెర్వెజ్ తుపాను వచ్చినపుడు నాకు పదునొకండేండ్లు. మా నాయన క్రొత్తగా కట్టిన సిమెంటు ఇంటిలో ఒకే గదిలో ఏడుగురము చేరితిమి. కిటికీలకు పలకలు కొట్టిరి. తలుపు క్రింద నీరు రాకుండ గోనెపట్టాలు కుక్కిరి. నాయనమ్మకు చలి వేయుచున్నదని అమ్మ కుంపటిలో బొగ్గు రాజేసి, వంటపంచలో పొగ పోవువరకు ఉంచి, పిమ్మట గదిలోనికి తెచ్చినది. నిప్పు పొగ లేకుండ ఎర్రగా నుండెను. మంచి నిప్పని అందరము సంతోషించితిమి.

కొంతసేపటికి నాయనమ్మ తల బరువుగా నున్నదనెను. నాకు వాంతి వచ్చినది. భయము వలన వచ్చినదనుకొంటిమి. ఐదేండ్ల మా చెల్లెలు నిద్రపోయినది. మా నాయన దానికి అన్నము పెట్టవలెనని లేపబోగా లేవలేదు. తల వ్రేలాడవేసినది. సరిగా ఆ వేళకే గాలి ఒక్కసారి తగ్గినది. తుపాను కన్ను మా ఊరి మీదికి వచ్చినది కాబోలు. నాయన తలుపు లాగి, చెల్లెలిని చేతులలో ఎత్తుకొని బయటికి పరుగెత్తెను. చల్లని గాలి తగిలిన కొంతసేపటికి అది కండ్లు తెరచి ఏడ్చినది. ఆ ఏడ్పు విని మా అమ్మ ఏడ్చినది. కుంపటిని వానలోనికి విసరివేసిరి.

నిప్పు లేనిదే పొగ రాదని మన సామెత. ఆ రాత్రి నేను నేర్చుకొన్నది వేరొకటి. పొగ లేని నిప్పు గూడ ప్రాణము తీయగలదు. బొగ్గుగాని కట్టెగాని చాలినంత గాలి లేక కాలినపుడు కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. అది రక్తములో చేరి ప్రాణవాయువు ఉండవలసిన చోటును ఆక్రమించును. తలనొప్పి, తల తిరుగుట, వాంతి, నీరసము, మగత దాని గుర్తులు. నిద్రలో నున్నవారికి ఈ గుర్తులు తెలియకముందే ప్రాణాపాయము కలుగవచ్చును. కాబట్టి కుంపటిని గాని, కట్టెల పొయ్యిని గాని, మాంసము కాల్చు బొగ్గుల పళ్లెమును గాని, కరెంటు యంత్రమును గాని మూసిన ఇంటిలోనికి ఎన్నటికి తేరాదు. చలి వేసిన కంబళి కప్పుకొనవచ్చును.

పొయ్యికి తగిన చోటు

ఇంటికి వేరుగా, పెరటిలో, కనీసము రెండు ప్రక్కల తెరచియున్న పంచ అన్నిటికంటె మేలు. నేల మట్టిది గాని సిమెంటుది గాని కావలెను. పొయ్యి నోటి ముందు కనీసము 18 అంగుళముల మేర కాలని నేల ఉండవలెను, ఏలయనగా నిప్పురవ్వలు అక్కడ రాలును. చెక్కగోడ, వెదురుతడిక, గోనెసంచి, ఆరవేసిన బట్టలు, కట్టెల మోపు, ఇవన్నియు పొయ్యికి 3 అడుగుల దూరమున ఉండవలెను. గ్యాసు సీసాను ఆ పంచలో ఉంచనేకూడదు. చెరకుతోట గట్టు ప్రక్కన నివసించువారు గాలి ఏ దిక్కునకు వీచుచున్నదో చూచి మరీ నిప్పు రాజేయవలెను. ఎండిన చెరకు ఆకు ఒక్క రవ్వకు అంటుకొనును.

లోపలి వంటింటిలోనే పొయ్యి కట్టదలచినవారు పొగగొట్టము లేకుండ కట్టరాదు. ఈ విషయమున మన తెలుగునేలపై జరిగిన కృషిని తలచుకొనుట మంచిది. హైదరాబాదులోని ఇంజనీరింగు పరిశోధనాలయమున డాక్టర్ ఎస్. పి. రాజు గారు మట్టితో కట్టు పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిని గురించి ఆంగ్లమున ఒక చిన్న గ్రంథము ప్రకటించిరి. మట్టి దిమ్మెలో మూసిన దారి, దాని మీద వరుసగా గిన్నెలకు కన్నములు, చివర పొగగొట్టము. వేడి ఒక గిన్నె క్రింద నుండి మరియొక గిన్నె క్రిందికి పోయి, పొగ మాత్రము ఇంటి వెలుపలికి పోవును.

పొగగొట్టము సాధ్యమైనంత నిటారుగా ఉండవలెను. వంపులు ఎక్కువైన మసి అక్కడ చేరును. కప్పు దాటిన పిమ్మట అది కనీసము 3 అడుగులు పైకి రావలెను. దాని చుట్టు 10 అడుగులలో నున్న గోడ, కప్పు మున్నగువాటి కంటె 2 అడుగులు ఎత్తుగా ఉండవలెను. అట్లు లేనిచో గాలి పొగను మరల లోపలికి త్రోయును. ఒంటి రేకు గొట్టమును కొయ్య దూలముల నడుమ నుండి, చెక్క కప్పు గుండ పోనీయరాదు. అట్టి చోట్ల వేడి తగలకుండ చేసిన రెండు పొరల గొట్టము వేయవలెను, లేదా గొట్టమును సిమెంటుగోడ గుండ బయటికి తీయవలెను. ఈ పని తెలిసిన మేస్త్రి చేత చేయించుట శ్రేయస్కరము. వానకు పైన టోపీ, తుపానుకు నాలుగు తీగల కట్టు మరువరాదు. గొట్టము ఉన్నను వంట వేళ ఒక కిటికీ తెరచియే ఉంచవలెను. పొయ్యి గూడ మనవలెనే ఊపిరి తీయవలెను గదా.

కట్టెల సంగతి

అప్పుడే కొట్టిన పచ్చికట్టెలో దాదాపు సగము బరువు నీరే ఉండవచ్చును. ఆ నీరు ఆవిరియగుటకే మంట వ్యర్థమగును, పొగ మిక్కుటమగును, గొట్టములో తారు వంటి మసి పేరుకొనును. సరుగుడు గాని, నీలగిరి గాని, మామిడి గాని చీల్చి పేర్చి, ఆరు నెలల నుండి ఏడాది వరకు ఆరనీయవలెను. మోపును నేల మీద కాక రాళ్ల మీద పేర్చి, పైన కప్పి, ప్రక్కలు తెరచి ఉంచవలెను. వాకోవా, క్యూర్‌పీప్ వంటి తడి ప్రాంతములలో ఇంకను ఎక్కువ కాలము పట్టును. ఎండిన కట్టెకు కొనలయందు పగుళ్లు కనబడును. రెండు కట్టెలను తట్టిన గణగణమనును. పచ్చికట్టె దభీమనును.

తుపాను వెళ్లిన మరునాడు దారి పొడవున పలకలు, స్తంభములు పడియుండును. అవి ఉచితముగా దొరికిన కట్టెలని తెచ్చి పొయ్యిలో పెట్టరాదు. రంగు వేసిన పాత పలకలలో సీసము ఉండవచ్చును. చెద పట్టకుండ మందు ఎక్కించిన కొయ్యలలో పాషాణము ఉండవచ్చును. వాటి పొగయు, బూడిదయు విషమే. గన్నేరు కొమ్మలు, ప్లాస్టిక్కు సంచులు, రబ్బరు ముక్కలు గూడ పొయ్యికి తగవు.

మంట, మనుష్యులు

చిదుగులతోను కాగితముతోను నిప్పు రాజేయవలెను. పెట్రోలు ఎన్నడును వాడరాదు. ఆరిపోయినట్లున్న నిప్పుల మీద కిరసనాయిలు పోయుట మరింత ప్రమాదము. అది ఒక్కసారిగా భగ్గుమని ముఖమునకు ఎగయును. చిన్న కట్టెలు పెట్టి చురుకైన మంట చేయుట మేలు. పెద్ద మొద్దు పెట్టి పొగబెట్టుట కీడు.

వంట చేయు అమ్మలు నైలాను, పాలియెస్టరు చీరెలు కట్టుకొని పొయ్యి దగ్గర కూర్చుండరాదు. అవి కరగి చర్మమునకు అంటుకొనును. నూలుచీరె కట్టి, కొంగు బొడ్డున దోపుకొని, జుట్టు ముడివేసికొనవలెను. పొయ్యి చుట్టు 3 అడుగుల మేర ముగ్గుతో ఒక గీత గీసి, పిల్లలు దానిని దాటరాదని నేర్పవలెను. మరుగుచున్న గుండిగ దగ్గర ఎవరో ఒకరు ఉండియే తీరవలెను. పొగలో కూర్చుండి వండుట మన తల్లులు పడిన తపస్సని పొగడుచుందుము. అది తపస్సు కాదు, రోగము. వంట పొగ వలన 2020వ సంవత్సరమున ప్రపంచమున సుమారు 32 లక్షల మంది అకాలమరణము పొందిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కవేసినది. అందులో ఐదేండ్లు నిండని పసివారు రెండు లక్షలకు పైగా ఉన్నారు.

హోమము చేయు మాకు గూడ ఇదే నియమము. అగ్నిహోత్రము పవిత్రమే, అయినను అగ్ని తన స్వభావమును వదలదు. మూసిన హాలులో హోమకుండము వెలిగించరాదు. తలుపులు, కిటికీలు తెరచి, చెంత ఒక బిందె నీళ్లును, ఒక బక్కెట్టు ఇసుకయు ఉంచుకొనవలెను.

నివురుగప్పిన నిప్పు

మన పెద్దలు ప్రతి ఉదయము పొయ్యిలోని బూడిద తీసి అలికెడివారు. అది ఆచారమే కాదు, సంరక్షణ గూడ. బూడిద నిండిన పొయ్యికి గాలి అందదు. కాని నివురుగప్పిన నిప్పు రెండు మూడు దినములైనను బ్రదికియుండవచ్చును. కావున బూడిదను అట్టపెట్టెలోను, ప్లాస్టిక్కు బక్కెట్టులోను వేయరాదు. మూత గల ఇనుప బక్కెట్టులో వేసి, ఇంటికి దూరముగా నేల మీద ఉంచి, పూర్తిగా చల్లారిన పిమ్మటనే తోటలో చల్లవలెను.

వారమునకు ఒకమారు పొయ్యి మట్టిలోని పగుళ్లను చూచి పూడ్చవలెను. సంవత్సరమునకు ఒకమారు, చెరకు కోత మొదలగు జూను మాసమునకు ముందు, పొగగొట్టమును విప్పి కుంచెతో మసి దులపవలెను. తరచు వాడువారు నడుమ నడుమ చూచుకొనవలెను. ఆ మసియే అంటుకొనిన గొట్టములో పెనుగాలి వంటి హోరు వినబడును. అట్లయినచో పొయ్యి నోరు మూసి, అందరును బయటికి వచ్చి, 115 నెంబరునకు ఫోను చేసి అగ్నిమాపక దళమును పిలువవలెను.

నూనెమూకుడు అంటుకొనిన నీళ్లు పోయరాదు, మూత పెట్టవలెను. బట్ట అంటుకొనిన పరుగెత్తరాదు, నేల మీద పడి దొర్లవలెను. కాలిన చోట 20 నిమిషముల సేపు చల్లని నీటిధార పోసి, గాజులు, ఉంగరములు తీసివేసి, శుభ్రమైన బట్ట కప్పవలెను. పసుపు, నేయి, పండ్లపేస్టు రాయరాదు. తల తిరిగి పడిపోయినవారిని వెంటనే బయటి గాలిలోనికి తెచ్చి 114 నెంబరుతో అంబులెన్సును పిలువవలెను. కార్బన్ మోనాక్సైడును పసిగట్టి మ్రోగు చిన్న యంత్రములు ఇప్పుడు దొరకుచున్నవి. లోపల పొయ్యి ఉన్నవారు ఒకటి గోడకు తగిలించుకొనుట మంచిది.

ఇల్లు కాలిన తరువాత బావి త్రవ్విన లాభము లేదు. రాబోవు తుపాను దినములకు ముందే, ఈ ఆదివారము భజన ముగిసి ఇంటికి పోయిన పిమ్మట, మీ పెరటి పొయ్యి ముందు ఒక్క నిముషము నిలువబడి చూడుడు. పొగకు దారి ఉన్నదా? గాలికి దారి ఉన్నదా? పిల్లలకు దూరము ఉన్నదా? ఈ మూడును ఉన్న పొయ్యి మన తాతల నాటి పొయ్యివలెనే మన మనుమలకు గూడ అన్నము పెట్టును.

మా చెల్లెలికి నేడు మనుమలు ఉన్నారు. తుపాను హెచ్చరిక వినబడినపుడెల్ల అది మొదట చేయు పని, పాత కుంపటిని పంచలో బోర్లించి దాని మీద ఒక రాయి పెట్టుట.