చేతిలోని ఫోనుకు ఎన్ని ద్వారాలు?

పెళ్ళి ముహూర్తాలు ముమ్మరంగా ఉన్న రోజులు. మా వీధిలో స్థిరపడిన ఒక విశ్రాంత సీనియర్ టెక్నీషియన్ గారి వాట్సాప్‌కు ఒక సాయంత్రం శుభలేఖ వచ్చింది. పంపినవారు ఒకప్పుడు ఆయనతో ఒకే షిఫ్టులో పనిచేసిన మిత్రులు. శుభలేఖ అందినప్పుడు తెరిచి చూడడం మర్యాద గదా! ఆయన తెరిచారు. “ఈ మూలం నుంచి యాప్‌లు స్థాపించడానికి అనుమతి లేదు, సెట్టింగ్స్‌లోకి వెళ్ళండి” అన్న అర్థం వచ్చే మాటలు ఏవో ఇంగ్లీషులో తెర మీద కనిపించాయి. అడిగిన చోటల్లా ‘అలౌ’ అని నొక్కుతూ పోయారు. చివరికి శుభలేఖ మాత్రం కనిపించలేదు. మిత్రుడినే రేపు అడుగుదామనుకుని, బ్యాంకు యాప్‌లో పింఛను జమ అయిందో లేదో చూసుకుని పడుకున్నారు.

తెల్లవారేసరికి ఆయన ఖాతాలోని పదవీ విరమణ సొమ్ములో కొంత భాగం ఎవరెవరి ఖాతాలకో వెళ్ళిపోయింది. అదే రాత్రి ఆయన నంబరు నుంచి మా టౌన్‌షిప్‌లో ఎంతోమందికి ఆ శుభలేఖే వెళ్ళింది. నాకూ వచ్చింది. ఆయన కుమార్తె వివాహం కొన్నేళ్ళ క్రిందటే జరిగిందనీ, ఇంట్లో పెళ్ళికావలసిన వారెవరూ లేరనీ తెలిసి ఉండడం వల్ల నేను దానిని తెరవలేదు. అంతే గాని అందులో నా జాగ్రత్త ఏమీ లేదు.

మరునాడు పరామర్శకు వెళితే ఆయన పదే పదే ఒకే మాట అన్నారు: “నేను ఓటీపీ ఎవరికీ చెప్పలేదండీ!” ఆ మాట అక్షరాలా నిజం. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆయన ఫోనులో కూర్చున్న యాప్ తానే చదువుకుంది. ఓటీపీ ఎవరికీ చెప్పరాదన్న హితవు మనకందరికీ కంఠస్థమైంది. ఇప్పుడు దాని సరసన మరొక ప్రశ్నను కూడా చేర్చుకోవలసి ఉన్నది. ఈ యాప్ నా ఫోనులోకి ఏ ద్వారం నుంచి వస్తున్నది?

స్టోర్స్ విభాగం చెప్పే పాఠం

పరిశ్రమలో పనిచేసే మనకు ఈ విషయం కొత్తది కాదు. ఒక చిన్న బేరింగ్ కావలసి వచ్చినా దానికి ఒక పద్ధతి ఉన్నది. నమోదైన సరఫరాదారు పంపాలి, గేటు వద్ద నమోదు కావాలి, తనిఖీ జరగాలి, ఆ పైననే స్టోర్స్‌లోకి చేరాలి. “చూడడానికి అచ్చం అలాగే ఉన్నది గదా” అని దారిన పోయే వ్యక్తి ఇచ్చిన విడిభాగాన్ని ఎవరూ యంత్రంలో బిగించరు. ఫోనులోని యాప్ కూడా యంత్రంలోని విడిభాగం వంటిదే. దానికి కూడా సరఫరాదారు, గేటు, తనిఖీ అనే మూడూ ఉన్నాయి.

2008 జులైలో ఆపిల్ సంస్థ తన యాప్ స్టోర్‌ను 500 యాప్‌లతో ప్రారంభించింది. అదే సంవత్సరం అక్టోబరులో ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం గూగుల్ తెరిచిన ఆండ్రాయిడ్ మార్కెట్, 2012 మార్చిలో గూగుల్ ప్లేగా పేరు మార్చుకున్నది. ఈ రెంటికీ ఒక మౌలికమైన భేదం ఉన్నది. మన దేశంలో సాధారణ వినియోగదారుకు ఐఫోనులోకి యాప్ రావాలంటే ఆపిల్ వారి యాప్ స్టోర్ ఒక్కటే ద్వారం. ఐరోపా సమాఖ్యలో మాత్రం అక్కడి చట్టం కారణంగా 2024 మార్చి నుంచి ఇతర విక్రయశాలలకు కూడా ఆపిల్ తలుపు తీయవలసి వచ్చింది. ఆండ్రాయిడ్ ఆది నుంచీ పలు ద్వారాల ఇల్లు. ప్లే స్టోర్‌తో పాటు ఇతర స్టోర్ల నుంచి, వెబ్‌సైట్ల నుంచి, చివరికి మిత్రుడు పంపిన ఫైలు నుంచి కూడా యాప్‌ను స్థాపించుకోవచ్చును.

ఏయే ద్వారాలు ఉన్నాయి?

మొదటిది, ఫోనుతో పాటే వచ్చే ప్లే స్టోర్. రెండవది, ఫోను తయారీదారుల సొంత స్టోర్లు. శామ్‌సంగ్ వారి గెలాక్సీ స్టోర్ ఇటువంటిది. మూడవది, మన దేశంలోనే రూపొందిన స్టోర్లు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-డాక్ రూపొందించిన మొబైల్ సేవా యాప్ స్టోర్‌లో ప్రభుత్వ విభాగాల యాప్‌లు ఉంటాయి. ఫోన్‌పే సంస్థ 2024 ఫిబ్రవరిలో ఇండస్ యాప్ స్టోర్‌ను ప్రారంభించి, తెలుగు సహా పలు భారతీయ భాషలలో అందుబాటులోకి తెచ్చింది. నాలుగవది ఎఫ్-డ్రాయిడ్. 2010లో మొదలైన ఈ స్వచ్ఛంద భాండాగారంలో ఉండేవన్నీ మూల సంకేతం బహిరంగంగా ఉన్న ఉచిత యాప్‌లే. సాంకేతిక పరిజ్ఞానం ఉన్నవారు దీనిని ఆదరిస్తారు. అయిదవది, ఆయా సంస్థల సొంత వెబ్‌సైట్లు. ఇక ఆరవది, వాట్సాప్‌లోనో ఎస్సెమ్మెస్‌లోనో నేరుగా వచ్చే ఫైలు. మొదటి అయిదింటిలోనూ తన పేరు చెప్పుకుని నిలబడే ఒక యజమాని ఉన్నాడు. ఆరవదానికి యజమాని లేడు. మా వీధి పెద్దమనిషి ఇంట దొంగ ప్రవేశించింది ఈ ద్వారం నుంచే.

ప్లే స్టోర్ కాని ప్రతిదీ ప్రమాదకరమనడం న్యాయం కాదు. ప్లే స్టోర్‌లో ఉన్న ప్రతిదీ నిక్కమైన సరుకే అనుకోవడమూ పొరపాటే. 2022 సెప్టెంబరు, 2023 ఆగస్టు నెలల మధ్య 2,200కు పైగా రుణ యాప్‌లను గూగుల్ తన స్టోర్ నుంచి తొలగించినట్లు ప్రభుత్వం పార్లమెంటుకు తెలియజేసింది. అంటే గేటు ఉన్న చోట కూడా దొంగ సరుకు లోపలికి రాగలదు. అయితే అక్కడ పట్టుబడితే తొలగించే నాథుడు ఒకడు ఉంటాడు, ఫిర్యాదు చేయడానికి ఒక చోటు ఉంటుంది. ఆరవ ద్వారానికి ఆ రెండూ లేవు.

సంతకం చెప్పేది, చెప్పనిది

ఆండ్రాయిడ్ యాప్ అనేది ఒక మూట. దాని ఫైలు పేరు ‘.ఏపీకే’ అన్న అక్షరాలతో ముగుస్తుంది. ప్రతి మూటకూ తయారుచేసినవారి డిజిటల్ సంతకం ఉండి తీరాలి. సంతకం లేని మూటను ఫోను స్వీకరించదు. ఒకసారి స్థాపించిన యాప్‌కు కొత్త రూపం వచ్చినప్పుడు, పాతదాని మీద ఉన్న సంతకమే కొత్తదాని మీద కూడా ఉన్నదా అని ఫోను సరిచూస్తుంది. లేకుంటే తిరస్కరిస్తుంది. అందువల్ల మన బ్యాంకు అసలు యాప్ స్థానంలో నకిలీది చడీచప్పుడు లేకుండా వచ్చి కూర్చోవడం సులభం కాదు.

ఇంతవరకు బాగానే ఉన్నది. కాని ఈ సంతకాన్ని ఎవరికి వారే తయారుచేసుకోవచ్చును. సంతకం చేసినవాడు యోగ్యుడని ధ్రువీకరించే గెజిటెడ్ అధికారి ఎవరూ లేరు. “ముందు పంపిన చేయి, ఇప్పుడు పంపిన చేయి ఒకటే” అని మాత్రమే సంతకం చెబుతుంది. ఆ చేయి మంచిదని చెప్పదు. మోసగాడు బ్యాంకు చిహ్నాన్నే పెట్టి, వేరొక అంతర్గత నామంతో కొత్త యాప్ తయారుచేసి, తన సంతకమే చేసి పంపితే ఫోను దృష్టిలో అది సక్రమమైన మూటే. మంచి చెడ్డల నిర్ణయం స్టోరు వారి తనిఖీ మీదనో, మన విచక్షణ మీదనో ఆధారపడి ఉంటుంది. ఆరవ ద్వారం వద్ద మొదటిది లేదు కనుక మిగిలింది రెండవదే.

తాళం మన చేతిలోనే

పూర్వం ఆండ్రాయిడ్‌లో ‘అన్‌నోన్ సోర్సెస్’ అనే ఒకే ఒక మీట ఉండేది. దానిని ఒకసారి తెరిస్తే అన్ని వైపుల నుంచీ యాప్‌లు రావచ్చును. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8తో ఈ పద్ధతి మారింది. ఇప్పుడు బ్రౌజరుకు వేరుగా, వాట్సాప్‌కు వేరుగా, ఫైళ్ళు చూపే యాప్‌కు వేరుగా అనుమతి ఇవ్వవలసి ఉంటుంది. ఒకసారి ఇచ్చిన అనుమతి, మనం తిరిగి తీసివేసే వరకు సాధారణంగా అలాగే నిలిచి ఉంటుంది. సెట్టింగ్స్‌లో వెదికే చోట ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ అని ఇస్తే ఈ జాబితా కనిపిస్తుంది. ఈ వ్యాసం చదివిన పాఠకులు ఈ సాయంత్రమే తమ ఫోనులో, తల్లిదండ్రుల ఫోనులో ఆ జాబితా చూసి, అందులో అన్నిటికీ అనుమతి లేకుండా చేయవలసిందిగా మనవి. దీనికి రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఇది వీధి తలుపు. లోపలి గదులకు వేరే తాళాలున్నాయి. శుభలేఖకు ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఎందుకు? ట్రాఫిక్ చలానాకు మన ఫోను నంబర్ల జాబితాతో పని ఏమిటి? అన్నిటికన్నా ముఖ్యమైనది ‘యాక్సెసిబిలిటీ’. చూపు మందగించినవారికి, చేతులు సహకరించనివారికి తోడ్పడడం కోసం ఏర్పరచిన సదుపాయం ఇది. దీనిని పొందిన యాప్ తెర మీద ఉన్నది చదవగలదు, మన బదులు తానే మీటలు నొక్కగలదు. దివ్యాంగులకు వరమైన ఈ సదుపాయమే మోసగాడి చేతిలో మారుతాళం అవుతున్నది. అడిగే పనికి, కోరే అనుమతికి పొంతన లేదంటే ఆ యాప్‌ను అక్కడే నిలిపివేయాలి.

2017 నుంచి ప్లే ప్రొటెక్ట్ అనే కాపలాదారు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉన్నాడు. ఏ ద్వారం నుంచి వచ్చిన యాప్‌నైనా ఇది పరిశీలిస్తుంది. నేరుగా వచ్చి ఎస్సెమ్మెస్‌లు చదవడం వంటి సున్నితమైన అనుమతులు కోరే యాప్‌లను తానే నిలిపివేసే ఏర్పాటును మన దేశంలో ప్రయోగాత్మకంగా చేపడుతున్నట్లు 2024 అక్టోబరులో గూగుల్ ప్రకటించింది. కనుకనే మోసగాళ్ళు ఫోను చేసి, “ముందుగా ప్లే ప్రొటెక్ట్‌ను ఆపివేయండి” అంటారు. కాపలాదారును పంపివేయమన్న అతిథి ఎటువంటివాడో వేరే చెప్పనవసరం లేదు.

గుర్తుంచుకోదగిన నాలుగు మాటలు

ఒకటి: శుభలేఖ అయితే బొమ్మగానో పీడీఎఫ్‌గానో వస్తుంది. ఫైలు పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటే అది శుభలేఖ కాదు, చలానా కాదు, కరెంటు బిల్లు కాదు. అది ఒక యాప్. పంపినవారు సొంత తోబుట్టువే అయినా సరే, ముందు ఫోను చేసి అడగాలి. వారి ఫోను అప్పటికే పరుల వశమై ఉండవచ్చును.

రెండు: ప్రభుత్వ యాప్ పేరుతో సందేశం వస్తే అందులోని లింకును తాకరాదు. మనమే స్టోర్‌లోకి వెళ్ళి వెదకాలి. ఉదాహరణకు, పింఛనుదారులు ముఖం చూపి జీవన ప్రమాణ పత్రం సమర్పించే సదుపాయాన్ని ప్రభుత్వం 2021 నవంబరులో ప్రవేశపెట్టింది. దానికి కావలసిన యాప్‌లు ప్లే స్టోర్‌లోనే దొరుకుతాయి. ఎవరో పంపిన ఫైలుతో పనిలేదు.

మూడు: స్టోర్‌లో కూడా పేరు ఒక్కటే చూడరాదు. తయారుచేసినవారు ఎవరు, ఎన్నాళ్ళుగా ఉన్నది, ఎంతమంది వాడుతున్నారు అనేవి చూడాలి.

నాలుగు: బయటి స్టోర్ నుంచి యాప్ తెచ్చుకోవలసిన అవసరం నిజంగా ఉంటే, ఆ స్టోరు వారి సొంత వెబ్‌సైటుకే వెళ్ళాలి. పని పూర్తికాగానే బ్రౌజరుకు ఇచ్చిన అనుమతిని తీసివేయాలి. గేటు తీసినవారే గేటు మూయాలి.

ఒకవేళ పొరపాటు జరిగిపోతే

సిగ్గుపడి దాచుకోవడం అన్నిటికన్నా పెద్ద నష్టం. వెంటనే ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆగినదో లేదో చూసుకోవాలి. వేరొకరి ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతాను, కార్డును నిలుపుదల చేయించాలి. జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే సొమ్ము చేతులు మారకుండా ఆపడానికి అంత అవకాశం ఉంటుంది. పాస్‌వర్డులను మరొక ఫోను నుంచి మార్చుకోవాలి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ చూసి తెలియనివి తొలగించాలి. తరువాత ఆ అనుమానాస్పద యాప్‌ను తీసివేయాలి. తొలగించడానికి లొంగకపోతే తెలిసినవారి సాయంతో ఫోనును ఫ్యాక్టరీ స్థితికి తీసుకురావాలి. కాల్స్ మరొక నంబరుకు మళ్ళుతున్నాయన్న అనుమానం ఉంటే ##002# నొక్కి కాల్ చేస్తే మళ్ళింపులు రద్దవుతాయి. తెలిసినవారందరికీ “నా నంబరు నుంచి వచ్చిన ఫైలు తెరవవద్దు” అని చెప్పడం మరువరాదు.

మా వీధి పెద్దమనిషి మరునాటి ఉదయమే 1930కి ఫిర్యాదు చేశారు. పోయిన సొమ్ములో కొంత మధ్యలోనే నిలిచిపోయింది. మిగిలినది తిరిగి రాలేదు. మొదటి వారం రోజులు ఆయన గడప దాటలేదు. ముప్ఫైనాలుగేళ్ళ సర్వీసులో ఒక్క ప్రమాదం కూడా జరగనివ్వని తాను ఇలా మోసపోయానన్నదే ఆయన బాధ. ఆ తరువాత ఒకనాడు తానే విశ్రాంత ఉద్యోగుల సమావేశానికి వచ్చి, జరిగినదంతా ఏదీ దాచకుండా చెప్పారు. చెప్పి, అందరి ఫోన్లూ ఒక్కొక్కటే తీసుకుని ఆ అనుమతుల జాబితా తెరిచి చూశారు. ఆరింటిలో ఆ తలుపు తెరిచే ఉన్నది. ఆ ఆరుగురిలో ఒకరికి అది ఎప్పుడు తెరిచారో కూడా జ్ఞాపకం లేదు.

కర్మాగారంలో ప్రమాదం జరిగితే దానిని దాచకుండా నమోదు చేయడం, ఆ పాఠాన్ని తోటివారికి చెప్పడం మనం నేర్చుకున్న భద్రతా సంస్కృతి. ఆయన చేసినది అదే. ఆ సంస్కృతిని ఇంటికి తీసుకువెళ్ళి, భోజనాల వేళ ఇంటిల్లిపాదితో ఈ సంగతి ముచ్చటించడం మనందరి వంతు.