చెరువుల దారిలో నాలుగు దినాలు

భూమిపై సంచరించి సృష్టి ఆరంభాన్ని గురించి యోచించవలసిందిగా దివ్య ఖుర్‌ఆన్ (అన్‌కబూత్: 20) మానవుణ్ణి ఆహ్వానిస్తోంది. ఈ ఆహ్వానం వినగానే మన మనస్సు దూరదేశాల వైపు మళ్ళుతుంది. ఫిన్లాండ్ సరస్సుల నడుమ సైకిలుపై రోజుల తరబడి సాగే యాత్రల దృశ్యాలను మన యువకులు సెల్‌ఫోన్‌లో చూసి, తామూ అలా వెళ్ళాలని ముచ్చటపడుతున్నారు. ఆ కోరికలో తప్పేమీ లేదు. అయితే ధర్మవరంలో పుట్టి పెరిగిన బాలుణ్ణి ఒక్క ప్రశ్న అడిగి చూడండి: మన ఊరి చెరువులోకి నీరు ఎక్కడి నుండి వస్తుంది? నిండిన పిదప ఎటు పోతుంది? జవాబు చెప్పగలవారు అరుదు.

ధర్మవరం నుండి హిందూపురం వరకు చెరువుల వెంట నాలుగు దినాల సైకిలు యాత్రను ఎలా సిద్ధపరచుకోవాలో ఈ వ్యాసంలో వివరిస్తాను. నీరు మన చేతిలోని అమానతు అని తరగతి గదిలో ఎన్నిసార్లు బోధించినా, ఎండలో నలభై కిలోమీటర్లు తొక్కి చెరువు కట్టపై నిలబడిన పిల్లవాడికి అది తెలిసే తీరు వేరు.

మంచు తవ్విన సరస్సులు, మనుషులు కట్టిన చెరువులు

ఫిన్లాండ్‌లో చిన్నవీ పెద్దవీ కలిపి సుమారు 1,88,000 సరస్సులున్నాయి. వాటిలో పెద్దది సైమా. వేలాది సంవత్సరాల క్రితం ఆ నేలను కప్పిన మంచు పలకలు కదులుతూ, కరుగుతూ చేసిన పల్లాలే నేడు సరస్సులయ్యాయి. అక్కడి యాత్రికులకు ఒక గొప్ప సౌకర్యం ఉంది. ఇతరుల భూమి అయినప్పటికీ, ఇళ్ళకు దూరంగా, పంటకూ చెట్టుకూ హాని చేయకుండా నడిచిపోవడానికీ, ఒకటి రెండు రాత్రులు గుడారం వేసుకోవడానికీ అందరికీ హక్కు ఉంది. నిప్పు రాజేయాలంటే మాత్రం భూయజమాని అనుమతి కావాలి. ఆ దేశంలో ముస్లిములు కొత్తవారేమీ కారు. 19వ శతాబ్దిలో వచ్చి స్థిరపడిన తాతారు ముస్లిముల జమాఅతు 1925లోనే ప్రభుత్వ గుర్తింపు పొందింది. వేసవిలో చీకటి పూర్తిగా పడని ఆ రాత్రులలో ఇషా వేళను నిర్ణయించుకోవడం వారికి ఏటా ఎదురయ్యే సమస్య.

మన సీమకు అల్లాహ్ మరొక విధమైన పరీక్ష పెట్టాడు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. మంచు మనకు పల్లాలు తవ్వి ఇవ్వలేదు. కొండల నడుమ కట్ట వేసి, తూము పెట్టి, మరువ కట్టి, కురిసిన నాలుగు చినుకులను నిలిపినవారు మన పూర్వులు. కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. బుక్కరాయల కుమారుడైన భాస్కరుడు అక్కడ చెరువు కట్టించినప్పుడు వేయించినది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలనూ, ఉండకూడని ఆరు దోషాలనూ అది వివరిస్తుంది. దినానికి వెయ్యిమంది కూలీలు, రాళ్ళు మోసేందుకు నూరు బండ్లు, రెండేళ్ళ శ్రమ! ఒక్క చెరువు వెనుక ఇంత ఉంది. కట్టడంతో పని తీరేది కాదు. చెరువును బాగుచేసేవారికి దశబంధ ఇనాములిచ్చారు. తూము తెరిచి మూసి, ఏ మడికి ఎంత నీరో పంచేందుకు నీరుగంటిని నియమించారు. యాత్రలో పిల్లలకు చూపవలసినవి కట్ట, తూము, మరువ, వాటి వెనుక ఉన్న ఈ ఏర్పాటు.

కాలం, దారి

సంక్రాంతి సెలవులు ఈ యాత్రకు అనువైన కాలం. ఈశాన్య రుతుపవనాల వర్షాలు ముగిసి, చెరువులలో నీరు నిలిచి ఉంటుంది. ఉదయం చలి, పగలు తక్కువ ఎండ. మార్చి దాటితే ఈ దారి పిల్లలకు తగదు.

మొదటి దినం ధర్మవరం నుండి కొత్తచెరువు మీదుగా బుక్కపట్నం, అక్కడి నుండి పుట్టపర్తి. దూరం సుమారు 40 కిలోమీటర్లు. బయలుదేరే ముందు ధర్మవరం చెరువు కట్టపై కొంతసేపు నిలవాలి. క్రియాశక్తి ఒడెయరు ఈ చెరువు కట్టించాడనీ, ఆయన తల్లి ధర్మాంబ పేరనే ఊరికి ఈ పేరు వచ్చిందనీ స్థానిక చరిత్ర చెబుతుంది. ఆ దినం మధ్యాహ్నానికి చేరే బుక్కపట్నం చెరువు విజయనగర కాలం నాటిది, జిల్లాలోని పెద్ద చెరువులలో ఒకటి. ఈ రెండింటికీ చిత్రావతి నదే ఆధారం. ఏళ్ళ తరబడి ఇసుక మాత్రమే కనిపించే ఈ నది 2021 నవంబరులో పొంగి ప్రవహించినప్పుడు, నడుమ చిక్కుకున్నవారిని హెలికాప్టరుతో రక్షించవలసి వచ్చింది. ఎండిన ఏటిని చూసి అది చచ్చిందనుకోరాదని పిల్లలకు ఇక్కడే చెప్పాలి. రాత్రి బసకు పుట్టపర్తిలో వసతి గృహాలు చాలినన్ని ఉన్నాయి.

రెండవ దినం కొత్తచెరువుకు తిరిగి వచ్చి పెనుకొండ చేరాలి. సుమారు 35 కిలోమీటర్లు. 1565లో తళ్ళికోట యుద్ధానంతరం విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారు. కోట, గగన్ మహల్, షేర్‌ఖాన్ మస్జిదు, సుహ్రవర్దీ పరంపరకు చెందిన బాబా ఫక్రుద్దీన్ దర్గా ఈ ఊరిలో ఉన్నాయి. మతభేదం లేకుండా జనులు ఆయనను పెనుకొండ బాబయ్య అని పిలుచుకుంటారు. దర్గాకు యాత్రికులు వచ్చే ఊరు కనుక బస దొరకడం కష్టం కాదు. సమీపంలోని గొల్లపల్లి జలాశయాన్ని కూడా చూపాలి. హంద్రీ-నీవా పథకం ద్వారా కృష్ణమ్మ నీరు కాలువల వెంట, ఎత్తిపోతల మీదుగా అంత దూరం నుండి ఇక్కడికి చేరుతోంది. ఆనాటి కట్టనూ ఈనాటి కాలువనూ ఒకే దినంలో చూసిన బాలుడు నీటి విలువను గురించి తానే ప్రశ్నలు అడుగుతాడు.

మూడవ దినం పెనుకొండ నుండి హిందూపురం, సుమారు 38 కిలోమీటర్లు. ఇందులో సోమందేపల్లి వైపు వెళ్ళే భాగం 44వ జాతీయ రహదారి. లారీలూ కార్లూ అతివేగంతో సాగే ఆ దారిపై పిల్లలను తొక్కనీయరాదు. సర్వీసు రోడ్డు లేని చోట సైకిళ్ళను మినీ లారీలో ఎక్కించి ఆ కొద్ది దూరం దాటించడమే వివేకం. యాత్ర పట్టుదల పరీక్ష కాదు. హిందూపురం చేరిన పిదప ఓపిక ఉన్నవారు ఉత్తరాన ఉన్న పరిగి చెరువును చూడవచ్చు.

నాలుగవ దినం లేపాక్షి వైపు. సుమారు 14 కిలోమీటర్లు. అక్కడి నుండి చిలమత్తూరు మండలంలోని వీరాపురానికి ఆటోలో వెళ్ళవచ్చు. జనవరి మొదలుకొని ఎర్రకాళ్ళ కొంగలు ఆ ఊరికి వచ్చి, ఇళ్ళ నడుమ చెట్లపై గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, వానాకాలంలో వెళ్ళిపోతాయి. ఊరివారు వాటికి హాని జరగనీయరు. చుట్టుపక్కల చెరువులలో చేపలుంటేనే ఆ గూళ్ళలో పిల్లలు బ్రతుకుతాయి. చెరువు ఎండిన ఏడు మన పొలానికే కాదు, ఆ మూగజీవాలకూ కరువే.

ఈ దారిని ఎంచుకోవడానికి మరొక కారణం ఉంది. ధర్మవరం, పుట్టపర్తి, పెనుకొండ, హిందూపురం నాలుగూ ఒకే రైలు మార్గంపై ఉన్నాయి. ఎవరైనా అలసినా, జ్వరపడినా ఆ సాయంత్రమే ఒక పెద్దవాని తోడుతో రైలెక్కించి ఇంటికి పంపవచ్చు. తిరుగు ప్రయాణం అందరికీ రైలులోనే. సైకిళ్ళను సామానుగా పంపేందుకు ఏ రైలు అనువుగా ఉంటుందో స్టేషనులో ముందుగా విచారించుకోవాలి.

సిద్ధపాటు

ఖరీదైన సైకిలు అవసరం లేదు. మామూలు సైకిలుపై గంటకు పన్నెండు కిలోమీటర్లు తొక్కినా, విశ్రాంతితో కలిపి నలభై కిలోమీటర్లకు నాలుగైదు గంటలు చాలు. బయలుదేరే ముందు బ్రేకు కట్టెలు, చైను, టైర్లు సరిచూపించాలి. మన దారుల పక్కన కంపచెట్ల ముళ్ళు అధికం. రెండు ట్యూబులు, పంచరు అతుకులు, పంపు జట్టుకు ఒక జత ఉండి తీరాలి. పంచరు వేయడం ప్రతి పిల్లవాడూ ఇంటివద్దనే నేర్చుకోవాలి. రెండు వారాల ముందు నుండి పది, పదిహేను, ఇరవై కిలోమీటర్లు అలవాటు చేయాలి. చివరిసారి సామాను కట్టుకుని తొక్కి చూడాలి. మోకాళ్ళు నొప్పిపెడితే సీటు ఎత్తు సరిగా లేదని గ్రహించాలి.

మనిషికి దినానికి మూడు నాలుగు లీటర్ల నీరు కావాలి. చెమట ఎక్కువగా పట్టినప్పుడు లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి త్రాగాలి. దారిలో తినడానికి బొరుగులు, వేరుసెనగ ఉండలు, ఖర్జూరాలకు మించినవి లేవు.

ముగ్గురు ప్రయాణం చేస్తే ఒకరిని అమీరుగా ఎన్నుకోవాలని దైవప్రవక్త (సఅసం) బోధించారు (అబూదావూద్). ఆయన ప్రయాణాలలో వెనుకబడి నడుస్తూ బలహీనులకు తోడ్పడేవారని కూడా హదీసులలో ఉంది. కనుక జట్టులోని పెద్దవాడు ముందు కాదు, అందరికంటే వెనుక తొక్కాలి. అందరి వేగమూ బలహీనుని వేగమే కావాలి. పద్నాలుగేళ్ళు దాటిన ఐదారుగురు పిల్లలకు ఇద్దరు పెద్దలుండాలి. మన ఆడపిల్లలకు ఈ చెరువులు చూసే హక్కు లేదా అని తల్లులు అడిగితే, ఉంది అనే చెప్పాలి. తండ్రీ అన్నదమ్ముల తోడుతో, సామానుతో వెంట వచ్చే ఆటోలో తల్లితో కలిసి, కుటుంబమంతా ఇదే దారిన సాగవచ్చు.

తల్లి భయం

పిల్లవాణ్ణి పంపడానికి తల్లి వెనుకాడితే ఆమెను పిరికిదనుకోవద్దు. సెలవులలో ఈతకు దిగి చెరువులో మునిగిన పిల్లల వార్తలు ఆమె చదివింది. మన చెరువుల గర్భంలో మట్టి కోసం తవ్విన గుంతలుంటాయి. నీరు నిండిన పిదప అవి కనబడవు. మోకాలి లోతు నీటిలో నడుస్తున్నవాడు మరుసటి అడుగులో నిలువు లోతులో పడతాడు. అడుగున బురద కాలిని పట్టుకుంటుంది. వెంట దూకినవాడూ బయటికి రాడు. కనుక ఈ యాత్రకు ఒక కఠినమైన నియమం: కట్టపై నుండి చూడటమే తప్ప, ఎవరూ నీటిలో దిగరాదు. ఈత వచ్చినవారికీ ఇదే నియమం. వుజూకు సైతం చెరువులోకి దిగవద్దు. ఈ మాటను ప్రతి పిల్లవాడూ తల్లి ఎదుటే అంగీకరించాలి. అంగీకరించనివాడు ఇంటివద్ద ఉండవచ్చు. మరువ పారుతున్నప్పుడు దానిపై నుండి సైకిలు నడపడం కూడా ఇందులోకే వస్తుంది. ఒక ప్రాణం కంటే ఏ దృశ్యమూ విలువైనది కాదు.

దారిలో నమాజు, దారిలో నీరు

ధర్మవరం నుండి హిందూపురానికి ఈ దారిన నూరు కిలోమీటర్లు దాటుతుంది. హనఫీ ఫిఖ్హు ప్రకారం సుమారు 78 కిలోమీటర్ల ప్రయాణ సంకల్పంతో బయలుదేరినవాడు ఊరి పొలిమేర దాటగానే ముసాఫిరు అవుతాడు. జుహ్ర్, అస్ర్, ఇషాలలో నాలుగు రకఅతుల ఫర్జు రెండవుతుంది. ఫజ్ర్, మగ్రిబ్ మారవు. స్థానిక ఇమాము వెనుక నిలిచినప్పుడు మాత్రం పూర్తిగా నాలుగు చదవాలి. ఈ సంగతులు పుస్తకంలో చదివిన పిల్లలకు ఈ నాలుగు దినాలలో ఆచరణలోకి వస్తాయి. ఫజ్ర్ చదివి బయలుదేరి, పదకొండు గంటలకల్లా దారి ముగించుకుంటే, జుహ్ర్ ఏదో ఒక మస్జిదులో జమాఅతుతో దొరుకుతుంది. మస్జిదులో విశ్రమించదలచితే ముతవల్లీ అనుమతిని ముందే పొందాలి.

దైవప్రవక్త (సఅసం) ఒక ముద్దు నీటితో, అంటే లీటరుకు మించని నీటితో, వుజూ చేసేవారు. కొళాయి తిప్పి బకెట్ల నీరు వదిలే మన అలవాటును ఈ దారిలో సరిదిద్దుకోవచ్చు. ప్రతివారూ లీటరు సీసాతోనే వుజూ ముగించాలని అమీరు ఆజ్ఞాపించాలి. మొదటి దినం కష్టం, మూడవ దినానికి సీసాలో నీరు మిగులుతుంది. నిలిచిన నీటిలో మూత్రవిసర్జన చేయడాన్నీ, బాటలపైనా జనులు సేదతీరే నీడలోనూ కాలకృత్యాలు తీర్చుకోవడాన్నీ ఆయన నిషేధించారు. చెరువుల దారిలో వెళ్ళేవారికి ఇంతకంటే స్పష్టమైన మర్యాద మరేది కావాలి? ప్లాస్టిక్ సంచులు, సీసాలు తిరిగి ఇంటికే రావాలి. ఫిన్లాండ్‌లో వలె ఇతరుల భూమిలో ఆగే హక్కు ఇక్కడ లేదు. పొలంలో అడుగుపెట్టే ముందు రైతును అడగండి. అడిగినవారికి మన పల్లెల్లో మజ్జిగ కూడా దొరుకుతుంది.

తిరిగి వచ్చాక

ప్రతి పిల్లవాని చేతికి ఒక నోటుపుస్తకం ఇవ్వండి. చూసిన ప్రతి చెరువుకూ ఒక పుట: నీరు ఎక్కడి నుండి వస్తుంది, తూములెన్ని, మరువ నీరు ఏ చెరువుకు పోతుంది, కట్టపై కంప ఎంత పెరిగింది, పూడిక ఎంత, ఆక్రమణలున్నాయా. ఊరి వృద్ధులను అడిగి వ్రాయాలి. ఇంటికి వచ్చిన పిదప ఆ పుటలను తల్లిదండ్రుల ఎదుట చదివించండి. తర్వాత తమ ఊరి చెరువుకు చేయగలిగిన పని ఒకటి వారినే ఎంచుకోనీయండి. కాలువకు అడ్డుపడిన చెత్త తీయడమైనా సరే. దారి నుండి హాని కలిగించే వస్తువును తొలగించడం విశ్వాసంలో ఒక భాగమని నేర్చుకున్న బిడ్డలకు నీటి దారిని గురించి వేరుగా చెప్పనక్కరలేదు.

మీ నీరు భూమిలోకి ఇంకిపోతే పారే నీటిని మీకు తెచ్చి ఇచ్చేవాడెవడని ముల్క్ సూరా చివరి ఆయతు మనల్ని ప్రశ్నిస్తుంది. బోరుబావులు ఎండిన మన సీమలో ఆ ప్రశ్నకు అర్థం చెప్పడానికి వ్యాఖ్యానాలు అవసరం లేదు. తల్లిదండ్రులారా! సెలవుల తేదీలు చూసి, ఇద్దరు పెద్దలను కుదుర్చుకుని, సైకిళ్ళు ఇప్పుడే బాగుచేయించండి. మన పిల్లలు క్షేమంగా వెళ్ళి, కళ్ళు తెరచి చూసి, క్షేమంగా తిరిగి వచ్చే భాగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక! ఆమీన్.