మంట ఆరితే మేలుకొనే కావలి

బస్తర్ అడవుల నడుమ, బీజాపూర్ జిల్లాలోని ఆవపల్లి వంటి ఊళ్ళలో తరతరాలుగా వంటకు ఆధారం కట్టెల పొయ్యి. అది ఆరిపోతే ఆ సంగతి దాచుకోదు. పొగ కమ్ముతుంది, కళ్ళు మండుతాయి, ఊదుగొట్టం చేతికి వస్తుంది. 2016 మే 1న ఉజ్జ్వల పథకం మొదలైన తరువాత మారుమూల పల్లెలకు సైతం గ్యాసు పొయ్యి చేరింది. దీనికి పొగ లేదు. పాలు పొంగి మంట ఆరినా, గాలికి ఆరినా, గ్యాసు మాత్రం వస్తూనే ఉంటుంది.

వంటగ్యాసు గాలికంటె బరువైనది, నేలమీద పరచుకొంటుంది. గాలిలో నూటికి సుమారు రెండు పాళ్ళు కలిస్తే చాలు, ఒక్క నిప్పురవ్వకు భగ్గుమంటుంది. దానికి కలిపిన ఘాటైన వాసన మనకు హెచ్చరికే. కాని నిద్రలో ఉన్నవారికీ, జలుబు చేసినవారికీ అది అందకపోవచ్చు.

ఆ సంగతి పొయ్యికే తెలిసే ఏర్పాటు ఒకటుంది. బర్నరు పక్కన సన్నని లోహపు కడ్డీ మంటకు తగులుతూ ఉంటుంది. దాని పేరు థర్మోకపుల్. రెండు వేర్వేరు లోహాల అతుకును వేడిచేస్తే విద్యుత్తు పుడుతుంది. 1821లో సీబెక్ అనే శాస్త్రజ్ఞుని పరిశోధన దీనికి మూలం. పుట్టే విద్యుత్తు వోల్టులో వెయ్యవ వంతులు ఇరవయ్యో ముప్పయ్యో! టార్చిలైటు బల్బయినా వెలగదు. అయినా గ్యాసు దారిలోని చిన్న విద్యుదయస్కాంతానికి అది చాలు. వాల్వును మూసివేయాలని స్ప్రింగు సదా నెడుతుంటుంది. అయస్కాంతం దానిని తెరచి పట్టుకొంటుంది. మంట ఆరితే కడ్డీ చల్లారుతుంది, అయస్కాంతం పట్టు విడుస్తుంది, స్ప్రింగు తన పని తాను చేస్తుంది.

ఈ అయస్కాంతానికి పట్టి ఉంచే బలమే కాని లాగి తెరిచే బలం లేదు. ముట్టించేటప్పుడు నాబును కొన్ని సెకండ్లు నొక్కి పట్టవలసింది అందుకే. చాలామంది దీనిని లోపమనుకొని విసుక్కుంటారు. బ్యాటరీ అక్కరలేదు, ఇంట్లో కరెంటు పోయినా బెంగలేదు. కడ్డీ తీగ తెగిపోతే పొయ్యి వెలగదు. అంతేగాని గ్యాసు వదలదు. చెడినా మన మేలుకే చెడే యంత్రాలు ఎన్ని ఉన్నాయి?

గొట్టం చీలి కారే గ్యాసును మాత్రం ఇది ఆపలేదు. సిలిండరుపై రెగ్యులేటరు ఉన్నది కదా అనుకోవద్దు. మంట సంగతి దానికి తెలియదు. మామూలు రెండు బర్నర్ల పొయ్యిలు చాలావాటికి ఈ ఏర్పాటే ఉండదు. పింగాణీ తొడుగున్న కడ్డీ నిప్పురవ్వ కొట్టేది. దానిని చూసి పొరబడరాదు. పొయ్యి కాసేపు వెలిగాక రెగ్యులేటరును కట్టివేసి చూడండి. మంట ఆరిన తరువాత, సుమారు ఒక నిమిషంలోగా, నాబు వెనుకనుండి ‘టక్’మన్న చిన్న చప్పుడు వినిపించాలి.